ఉపాధ్యాయుని బల్ల

అనంతపురం పీఠభూమిలో ఆషాఢమాసపు గాలి ఎంతటిదో రామగిరి కొండలమీది గాలిమరలను చూచినవారికి తెలుసు. పెనుకొండ దాటి బెంగళూరు వైపు సాగే 44వ జాతీయ రహదారిమీది సోమందేపల్లెలోనూ ఆ రోజులలో గాలిదే రాజ్యం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన కురిసే నేల కనుక గాలి వెంట దుమ్మూ లేస్తుంది. బడులు తెరవడం, పిల్లలను చేర్చుకోవడం, బదిలీ పత్రాలు రాసి ఇవ్వడం కూడా సరిగ్గా అప్పుడే. బరువు పెట్టని కాగితం సాయంత్రానికి ఏ మూలకు చేరుతుందో చెప్పలేం.

ఉపాధ్యాయుని బల్లమీద హాజరుపట్టీ, మార్కుల పట్టీ, దిద్దవలసిన నోటుపుస్తకాలు, సుద్దముక్కల పెట్టె, మధ్యాహ్న భోజనపు లెక్కలు, ఎవరో తండ్రి తెచ్చి ఇచ్చిన జనన ధ్రువపత్రపు నకలు ఉంటాయి. వీటన్నిటి విలువ ఒకటి కాదు. సుద్దముక్క పోతే పెట్టెలో మరొకటి ఉంటుంది. ఆ నకలు పోతే మరొకదాని కోసం కూలి మానుకొని కార్యాలయాల చుట్టూ తిరగవలసినవాడు ఆ తండ్రే.

వేరుసెనగ ఎండిన ఏడు ఎన్నో కుటుంబాలు బెంగళూరుకు వలసపోతాయి. బదిలీ పత్రం ఆలస్యమైనదన్న కారణంతో ఎనిమిదో తరగతి వరకు ఏ పిల్లనూ చేర్చుకోకుండా తిప్పి పంపరాదని 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం చెబుతున్నది. చట్టం మంచిదే. కాని భాష తెలియని ఊరిలో, కొత్త బడి గుమ్మం ముందు నిలిచిన తల్లికి చట్టంకంటె చేతిలోని కాగితమే ధైర్యం. తొమ్మిదో తరగతి పిల్లకు ఆ చట్టపు అండ కూడా లేదు. ఇక పదో తరగతి ధ్రువపత్రంలోని పుట్టినతేదీ బడి రికార్డునుండి వచ్చినదే. అక్కడ ఒక అంకె తారుమారైతే ఉద్యోగానికీ, పాస్‌పోర్టుకూ అదే అడ్డుపడుతుంది.

పూర్వపు వీధిబడి పంతులుకు బల్ల లేదు. అరుగు, ఇసుక, బెత్తం, నాలుగు తాటాకు పుస్తకాలు ఆయన సరంజామా. అయినా క్రమం లేకపోలేదు; అది పుస్తకంలోనే ఉండేది. ఆకులకు బెజ్జం వేసి, తాడు గుచ్చి, అంచున సంఖ్య వేసి, రెండు చెక్కపలకల మధ్య బిగించి కట్టేవారు. తాడు తెగి ఆకులు చెదిరితే ఒక ఆశ్వాసంలోని పద్యం మరొక ఆశ్వాసంలో దూరుతుంది.

ఈ చిక్కును బాగా ఎరిగినవాడు సి.పి. బ్రౌను. కడపలోని తన బంగళాలో సొంత ఖర్చుతో పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి, పోల్చి చూపించి, శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వెలువడిన వేమన పద్యాల సంపుటి వెనుక అలాంటి శ్రమే ఉన్నది. ఏ ప్రతి ఏదో తెలియకుండా కలిసిపోయి ఉంటే పోల్చడానికే వీలుండేది కాదు. ఆయన సేకరించిన ప్రతులు చెన్నైలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి చేరి నేటికీ పరిశోధకులకు అందుతున్నాయి. పెట్టినవాడు లేకపోయినా వెదకినవానికి దొరకడమే సర్దుబాటుకు అసలైన పరీక్ష.

బడిలో ఈ పరీక్ష బదిలీల వేళ వస్తుంది. కొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడు సొరుగు లాగితే దిద్దిన పుస్తకాలూ దిద్దనివీ వేర్వేరుగా, పురికొసతో కట్టి కనిపించాలి. బల్లమీద ఆనాటి పనికి కావలసినవి చాలు; ప్రవేశపట్టీ బీరువాలో, తాళం కింద ఉండాలి. పిల్లలు ఇచ్చిన ప్రతి కాగితమూ అందిన తేదీతో పట్టీకెక్కాలి. సాయంత్రపు గంటకు ముందు పది నిమిషాలు దీనికి సరిపోతాయి. అలాగని అద్దంలా మెరిసే ఖాళీ బల్లను చూచి మురిసిపోనక్కరలేదు. అసలు పుస్తకాలే దిద్దనివారి బల్ల కూడా అలాగే ఉంటుంది!

సొరుగులో అడుగున బొంగరాలు, గోలీలు, సగం చెక్కిన పెన్సిళ్లు కూడా దొరుకుతాయి. పాఠం మధ్యలో పిల్లలనుండి తీసుకొని, తిరిగి ఇవ్వడం మరచినవి అవి. వాటికి పట్టీ అక్కరలేదు. బడి విడిచే గంటకు ఇచ్చివేస్తే చాలు.