ఆన్‌లైన్‌లో పాత నాణేలు: కొనేముందు చూడాల్సినవి, మోసం జరిగితే చేయాల్సినవి

పాత నాణేలు ఆన్‌లైన్‌లో కొని కొంత లాభానికి అమ్మడం చాలామందికి జీతం పక్కన రెండో సంపాదన అయింది. షాపు అద్దె లేదు, పెట్టుబడి కొద్ది కొద్దిగా పెంచుకోవచ్చు. కానీ నకిలీ ఒకటి మీ చేతికొస్తే డబ్బు పోతుంది, అదే మీ చేతి మీదుగా ఇంకొకరికి వెళ్తే పేరు పోతుంది. "నాకూ ఇలాగే అంటగట్టారు" అంటే కొన్నవాళ్లు వినరు, వినాల్సిన అవసరం కూడా వాళ్లకు లేదు. కాబట్టి పరీక్షనీ ఫిర్యాదునీ వ్యాపారంలో భాగంగానే పెట్టుకోండి.

ముందు లెక్కలు నోటికి రావాలి. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి 1835 నుంచి 1939 దాకా 11.66 గ్రాములు, 91.7 శాతం వెండి, వ్యాసం సుమారు 30.5 మిల్లీమీటర్లు. 1940లలో వచ్చిన వెండి రూపాయి బరువు అంతే, వెండి మాత్రం సగానికి తగ్గింది. 1947 రూపాయిలో వెండే లేదు, అది పూర్తిగా నికెల్. నిజాం కాలపు చార్మినార్ రూపాయి లెక్క వేరు: 11.18 గ్రాములు, 81.8 శాతం వెండి. బ్రిటిష్ రూపాయి బరువు మనసులో పెట్టుకుని చార్మినార్ రూపాయి తూచి, "అర గ్రాము తక్కువుంది, నకిలీ" అని అసలైనదాన్ని వెనక్కి పంపేవాళ్లు ఉంటారు. ఏ నాణేనికి ఆ నాణెం కొలతే చూడాలి. 0.01 గ్రాము చూపే కాటా, కాలిపర్, భూతద్దం కొనుక్కోండి. ఈ మూడూ లేకుండా ఈ పనిలోకి దిగొద్దు.

అయస్కాంతం పరీక్షను అతిగా నమ్మకండి. వెండి రూపాయి అయస్కాంతానికి అతుక్కుంటే అది కచ్చితంగా నకిలీ. అతుక్కోకపోతే మాత్రం ఏమీ తేలినట్టు కాదు, ఎందుకంటే రాగి, ఇత్తడి మీద వెండి పూత వేసినవి కూడా అతుక్కోవు. పైగా అసలైన 1947 నికెల్ రూపాయి అయస్కాంతానికి చక్కగా అతుక్కుంటుంది. బరువు, వ్యాసం, అంచు మూడూ కలిపి చూడండి. బాగా అరిగిన నాణెం కాస్త తేలికవుతుంది, అది సహజం. అక్షరాలు నిన్న కొట్టినట్టు కొత్తగా ఉండి బరువు గ్రాము తగ్గితే మాత్రం అనుమానించాల్సిందే.

పోత పోసిన నకిలీని పట్టించేది అంచు. అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నటి గీత మిగులుతుంది, లేదా దాన్ని ఆకురాయితో రుద్దిన జాడ కనిపిస్తుంది. ముఖం మీద సూదిమొన అంత గుంటలు, మొద్దుబారిన అక్షరాలు ఉంటాయి. అందుకే సెల్లర్‌ని రెండు ఫోటోలు అడగండి: అంచుది ఒకటి, కాటా మీద పెట్టి అంకె కనపడేలా తీసింది ఒకటి. ఈ రెండూ పంపడానికి నసిగేవాళ్ల దగ్గర కొనకండి. ఇంకో విషయం, ఆ సెల్లర్ పాత లిస్టింగులు కూడా తిరగేయండి. ఒకే ఏడాది నాణేలు మూడు ఉండి, మూడింటికీ ఒకే చోట ఒకే గీత, ఒకే నొక్కు ఉంటే అవి ఒకే అచ్చులోంచి వచ్చినవి.

ఏ ఏడాది నాణేనికి ధర ఎక్కువో మోసగాళ్లకు మనకంటే బాగా తెలుసు. 1939 వెండి రూపాయి చాలా అరుదు, అందుకే 1938 రూపాయి మీద చివరి 8ని చెక్కి 9 చేస్తారు. ఇక్కడ బరువు, వెండి, అంచు అన్నీ సరిగ్గానే ఉంటాయి, ఎందుకంటే నాణెం అసలైనదే. చివరి అంకె చుట్టూ లోహం గీరిన గుర్తు ఉందా, మిగతా అంకెలతో ఎత్తు కలుస్తోందా అని భూతద్దంతో చూడటమే దారి. 1911 ఐదో జార్జి రూపాయి మీద రాజు వేసుకున్న గొలుసులోని ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవై, ఆ డిజైన్ మార్చారు. ఆ కథ వల్ల దానికి గిరాకీ, గిరాకీ వల్ల నకిలీలు.

రాముడు, హనుమంతుడు, లక్ష్మి బొమ్మలతో 1616, 1717, 1818 అని వేసిన "ఈస్టిండియా కంపెనీ" బిళ్లలు అసలు నాణేలే కావు. అలాంటివి కంపెనీ ఎప్పుడూ చలామణిలోకి తేలేదు. వీటికి బియ్యం గింజలను లాగే శక్తి ఉందంటూ చేసే రైస్ పుల్లింగ్ మోసాల మీద మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసు కేసులున్నాయి. నాణేలను పరీక్షించి సీలు వేసిచ్చే గ్రేడింగ్ కంపెనీ ప్లాస్టిక్ డబ్బాలో ఉందని కూడా నిశ్చింతగా ఉండకండి, డబ్బాలకూ నకిలీలున్నాయి. డబ్బా మీది నంబరు ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడి ఫోటోనీ మీ చేతిలోదాన్నీ మచ్చ మచ్చగా పోల్చండి.

రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి మీ పాత నాణెం లక్షలకు కొంటాం, ముందు కమీషనో పన్నో కట్టండి అంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. ఆ లావాదేవీలతో తమకు సంబంధం లేదని ఆర్‌బీఐ 2021 ఆగస్టులోనే ప్రకటించింది.

ఇక ఫిర్యాదు సంగతి. ఒక కేసు అనుకుందాం. 1911 రూపాయి మార్కెట్ ధరలో మూడో వంతుకే దొరికిందని ఆర్డర్ పెట్టారు. డబ్బు కట్టిన రోజే లిస్టింగ్ స్క్రీన్‌షాట్, లింకు, సెల్లర్ పేరు దాచుకోండి. గొడవ మొదలయ్యాక లిస్టింగ్ మాయమైపోతుంది. పార్శిల్ సీలు విప్పడం నుంచి కాటా మీద అంకె కనిపించేదాకా ఒకే వీడియోగా, ఎక్కడా ఆపకుండా తీయండి. కాటా 9.8 గ్రాములు చూపించిందనుకోండి. అప్పుడు రిటర్న్ గడువులోపు ప్లాట్‌ఫామ్ ద్వారానే రాయండి, వాట్సాప్‌లో మాట్లాడుకుందాం అని సెల్లర్ అడిగినా వెళ్లకండి. "మోసగాడు, దొంగ" అని రాస్తే అది తిట్టుగా మిగులుతుంది. "లిస్టింగ్‌లో 1911 వెండి రూపాయి అని ఉంది. ఆ నాణెం బరువు 11.66 గ్రాములు, వచ్చినది 9.8 గ్రాములు, అంచు మీద అచ్చు గీత ఉంది, వీడియో జతపరిచాను" అని రాస్తే అది సాక్ష్యమవుతుంది. వచ్చినదాన్ని తోమకండి, గీరి చూడకండి. రసాయనం వేశారంటే సెల్లర్ ఆ వంకతోనే తప్పించుకుంటాడు.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్లాట్‌ఫామ్ గ్రీవెన్స్ ఆఫీసర్ మీ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అది జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉంటున్న ఊరి పరిధిలోనే కేసు వేయొచ్చు, గడువు రెండేళ్లు. అయితే తిరిగి అమ్మడానికే కొన్నవాళ్లను చట్టం మామూలుగా వినియోగదారుడిగా చూడదు. జీవనోపాధి కోసం స్వయంగా చేసుకునే పనికి మినహాయింపు ఉంది కానీ, జీతానికి పక్కన చేసే వ్యాపారానికి అది వర్తిస్తుందో లేదో వకీలుని అడిగి తెలుసుకోండి. సెల్లర్ డబ్బు కట్టించుకుని మాయమైతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఖాతాలో ఉండగా ఆపే అవకాశం అంత ఎక్కువ. పోలీసు ఫిర్యాదులో భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318, అంటే మోసం, వర్తిస్తుంది.

రిఫండ్ వచ్చేసినా లిస్టింగ్‌ని రిపోర్ట్ చేయడం మానకండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, అదే నాణెం వారం తిరక్కుండా మళ్లీ అమ్మకానికి వస్తుంది. ఆ తర్వాత కొనేది మీ కస్టమరే కావచ్చు.

నాణేలు పంపేటప్పుడు ఇంకో జాగ్రత్త: విదేశాల్లో ఉన్న బంధువు అడిగాడని వందేళ్లు దాటిన నాణెం పార్శిల్ చేయకండి. 1972 పురావస్తువుల చట్టం కింద అది పురావస్తువు, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం.

రిఫండ్ రాని నకిలీ ఒకటి మీ దగ్గర మిగిలిపోయిందనుకోండి. నెలాఖరు ఖర్చులు మీద పడుతున్నప్పుడు దాన్ని ఎవరికో తోసేయాలన్న ఒత్తిడి ఉంటుంది. తెలిసి అమ్మిన క్షణం నుంచి అదే సెక్షన్ 318 మీకు వర్తిస్తుంది. దాన్ని విడి కవర్లో వేసి, మీద "నకిలీ" అని, బరువు, కొన్న తేదీ, లిస్టింగ్ వివరాలు రాసి పెట్టుకోండి. అదే అచ్చులోంచి వచ్చిన ఇంకోటి లిస్టింగ్‌లో కనిపిస్తే పక్కన పెట్టి పోల్చడానికి పనికొస్తుంది.