కంప్యూటర్‌లో తెలుగు కీబోర్డ్: ఫొనెటిక్ చాలా, ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవాలా?

ఫోన్‌లో తెలుగు టైపింగ్ మనందరికీ అలవాటే. ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది ఇంగ్లీష్ అక్షరాల్లోనే తెలుగు కొట్టేస్తారు, లేదా ఏదో వెబ్‌సైట్‌లో టైప్ చేసి కాపీ పేస్ట్ చేస్తారు. ఆ అవసరమే లేదు. నా ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో బయటి సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే పర్మిషన్ లేదు, అయినా రోజూ తెలుగు టైప్ చేస్తున్నాను. కావాల్సినదంతా సిస్టమ్‌లోనే ఉంది.

అసలు లేఅవుట్ అంటే ఏంటి?

కీ మీద ఏ అక్షరం ప్రింట్ చేసి ఉన్నా, నొక్కినప్పుడు కంప్యూటర్‌కి వెళ్లేది ఆ కీ నంబర్ మాత్రమే. ఆ నంబర్‌కి ఏ అక్షరం చూపించాలో చెప్పే పట్టికే లేఅవుట్. అందుకే తెలుగు కోసం కొత్త కీబోర్డ్ కొనక్కర్లేదు, పట్టిక మారిస్తే చాలు.

విండోస్ 11లో సెటప్

1. సెటింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్ తెరవండి.
2. యాడ్ ఎ లాంగ్వేజ్ నొక్కి తెలుగు ఎంచుకోండి. మెనూలన్నీ తెలుగులోకి మారకూడదంటే డిస్‌ప్లే లాంగ్వేజ్ టిక్ తీసేయండి.
3. తెలుగు పక్కనున్న మూడు చుక్కల్లో లాంగ్వేజ్ ఆప్షన్స్‌కి వెళ్లి, యాడ్ ఎ కీబోర్డ్ నొక్కండి. ఉత్త 'తెలుగు' అని ఉన్నది ఇన్‌స్క్రిప్ట్. 'తెలుగు ఫొనెటిక్' రెండోది. ఇది విండోస్ 10లో 2019 మే అప్‌డేట్‌తో వచ్చింది.

భాష మార్చడానికి విండోస్ కీ + స్పేస్ బార్ నొక్కితే చాలు.

ఉబుంటులో సెటప్

సెటింగ్స్‌లో కీబోర్డ్, ఇన్‌పుట్ సోర్సెస్ కింద ప్లస్ నొక్కి తెలుగు వెతకండి. ఇక్కడ కూడా ఉత్త 'తెలుగు' అంటే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతే. ఇంగ్లీష్ స్పెల్లింగ్‌తో కొట్టాలంటే ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతులు లిస్ట్‌లో కనిపిస్తాయి.

రెండింటిలో ఏది?

ఫొనెటిక్‌లో నేర్చుకోవడానికి ఏమీ లేదు, మొదటి రోజే మొదలుపెట్టొచ్చు. కానీ అది మీ స్పెల్లింగ్ చూసి ఊహిస్తుంది. 'తాత' అన్నా 'టాటా' అన్నా మనం మామూలుగా కొట్టే ఇంగ్లీష్ స్పెల్లింగ్ ఒకటే. 'కల', 'కళ' కూడా అంతే. ప్రతిసారీ సజెషన్స్ చూసి సరైనది ఎంచుకోవాలి. నాలుగు పేజీలు టైప్ చేసేటప్పుడు ఈ ఆగడమే టైం తినేస్తుంది.

ఇన్‌స్క్రిప్ట్‌లో ఊహ అనేదే లేదు. ఎల్ కీ నొక్కితే త, సెమికోలన్ పక్కనున్న కీ నొక్కితే ట. ఇది 1991లో బీఐఎస్ ప్రమాణంగా మారిన లేఅవుట్. లాజిక్ సింపుల్: అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. కె నొక్కితే క, షిఫ్ట్‌తో ఖ. ఐ నొక్కితే గ, షిఫ్ట్‌తో ఘ. డి కీ పొల్లు ఇస్తుంది, ఒత్తులన్నీ దాంతోనే వస్తాయి.

ప్రాక్టీస్‌కి రెండు మాటలు:

తెలుగు: ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి.
అమ్మ: షిఫ్ట్ + డి, సి, డి, సి.

ఇంకో లాభం ఏంటంటే, హిందీ, కన్నడ ఇన్‌స్క్రిప్ట్‌లో కూడా కె కీ మీద 'క' శబ్దమే ఉంటుంది. ఒకటి నేర్చుకుంటే మిగతావి సగం వచ్చేసినట్టే. కీలు గుర్తు రాకపోతే విండోస్ కీ + కంట్రోల్ + ఓ నొక్కండి, స్క్రీన్ మీద తెలుగు కీబోర్డ్ కనిపిస్తుంది.

చాలామందికి తెలియని కీలకం

'సాఫ్ట్‌వేర్' అని రాయబోతే 'సాఫ్ట్వేర్' అని వ కిందికి దిగిపోతుంది. పొల్లు తర్వాత హల్లు వస్తే సిస్టమ్ దాన్ని ఒత్తుగా మార్చేస్తుంది. మధ్యలో కనిపించని ఒక అక్షరం పెడితే ఆగుతుంది. యూనికోడ్‌లో దాని కోడ్ 200సి. ఎంఎస్ వర్డ్‌లో ఇంగ్లీష్ లేఅవుట్‌కి మారి ఆ కోడ్ కొట్టి ఆల్ట్ + ఎక్స్ నొక్కండి. ఉబుంటులో ముందు కంట్రోల్ + షిఫ్ట్ + యు నొక్కి, తర్వాత కోడ్, ఆపైన ఎంటర్. వెబ్‌సైట్‌కో, సబ్‌టైటిల్స్‌కో తెలుగు రాసేవాళ్లకి ఈ ఒక్క ట్రిక్ చాలా పని చేస్తుంది.

కోడింగ్ చేసేవాళ్లకి

ఎడిటర్‌లో ఇంగ్లీష్, బ్రౌజర్‌లో తెలుగు కావాలంటే ప్రతిసారీ మార్చక్కర్లేదు. విండోస్‌లో టైపింగ్ కింద అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెటింగ్స్‌లో, ఒక్కో యాప్ విండోకి వేరే ఇన్‌పుట్ పద్ధతి వాడే ఆప్షన్‌కి టిక్ పెట్టండి. ఉబుంటు కీబోర్డ్ సెటింగ్స్‌లోనూ ఇలాంటిదే ఉంది. పాస్‌వర్డ్ తప్పు అని వస్తుంటే మాత్రం, మార్చే ముందు టాస్క్‌బార్‌లో ఏ భాష ఉందో ఒకసారి చూడండి.

నా సలహా: వారానికి నాలుగు మెసేజ్‌లు పెట్టేవాళ్లకి ఫొనెటిక్ చాలు. బ్లాగ్, ప్రాజెక్ట్ రిపోర్ట్, సబ్‌టైటిల్స్ లాంటివి రాసేవాళ్లు రోజుకి పది నిమిషాలు ఇన్‌స్క్రిప్ట్ ప్రాక్టీస్ చేయండి. ఈరోజు రెండూ యాడ్ చేసుకుని, పైన ఇచ్చిన రెండు మాటలతో మొదలుపెట్టండి.