నగరమునకు ఉమ్మడి వేదిక

బార్సిలోనా నగరమున శబ్దమును, తోటల తేమను కొలుచు సెన్సారులు గలవు. ఒక్కొక్క కంపెనీ యంత్రము ఒక్కొక్క రీతిని లెక్క చెప్పినచో, నగరము ఆ కంపెనీకే కట్టుపడవలసివచ్చును. ఈ చిక్కు తొలగుటకై నగరపాలకులు 2012లో ‘సెంటీలో’ అను ఉమ్మడి వేదికను నిర్మింపబూని, దాని సోర్సుకోడును ఎల్లరకు నొసంగిరి. ఎస్పరాంటో భాషలో ఈ పేరునకు సెన్సారనియే యర్థము. టెరాస్సా, రెయూస్ పట్టణములును దీనిని గైకొనినవి.

ఇందుండి మనము గ్రహింపదగినవి మూడు. యంత్రములను కొనుటకు ముందే అవి లెక్క చెప్పవలసిన రీతిని నగరమే నిర్ణయింపవలయును. ఎల్లరకు తెరువదగినది కోడే కాని పౌరుల గుట్టు కాదు. కోడు ఉచితమైనను దాని పోషణ ఉచితము కాదు. సరిదిద్దు పనివారును, ఏటేట ధనమును కావలయును. ఊరి బావి యెల్లరిదే. అయినను పూడిక తీయువారు లేనిచో నీరు దొరకదు.