చచ్చిన కోతి చెప్పు సంగతి

మన పొరుగు రాష్ట్రమగు కర్ణాటకములో ‘మంగన కాయిలె’ అను జ్వరము కలదు. కన్నడములో మంగ అనగా కోతి, కాయిలె అనగా జబ్బు. 1957లో శివమొగ్గ జిల్లా సొరబ తాలూకా క్యాసనూరు అడవిలో కొండముచ్చులు, కోతులు చచ్చిపడినవి. ఆ కాలముననే చుట్టుప్రక్కల పల్లెవాసులకును తీవ్రమైన జ్వరము సోకెను. పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రమువారు పరీక్షించి, దీనికి అంతవరకు ఎరుగని వైరస్ కారణమని తేల్చిరి.

కోతి నుండి మనిషికి ఈ జబ్బు ఎట్లు వచ్చును? పశువులకు, కుక్కలకు పట్టి నెత్తురు పీల్చు పిడుదును మన రైతులెల్లరు ఎరుగుదురు. అడవిలోని అట్టి పిడుదులే ఈ వైరస్‌ను మోయును. రోగము సోకిన కోతి చావగానే దానిపైనున్న పిడుదులు నేలరాలి, దారిన పోవువారిని కుట్టును. కట్టెలకు, ఎండుటాకులకు అడవికి పోవువారికి డిసెంబరు మొదలు మే వరకు అపాయమెక్కువ. కనుక కోతులను చంపిన ప్రయోజనము లేదు. కోతి మన శత్రువు కాదు, మనకు ముందుగా అందిన హెచ్చరిక.

పిడుదు కుట్టిన మూడు మొదలు ఎనిమిది దినములలో చలిజ్వరము, తలనొప్పి, కండరముల నొప్పి, వాంతులు కలుగును. కొందరికి ముక్కు నుండి, చిగుళ్ల నుండి నెత్తురు కారును. నూటికి ముగ్గురు మొదలు ఐదుగురు మరణింతురు. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. సకాలమున ఆసుపత్రి చేరినవారికి తగిన ఉపచారము లభించును.

ఆఫ్రికాలోని ఎబోలా జ్వరము ఇంతకంటె భయంకరము. 1996లో గాబన్ దేశమున ఒక పల్లెవారు అడవిలో చచ్చిపడియున్న చింపాంజీని కోసి తినిరి. ఆ వ్యాధి మనిషి నుండి మనిషికి ప్రాకి 21 మందిని బలిగొనెను. మంగన కాయిలె అట్లు ఒకరి నుండి ఒకరికి అంటదు. రోగిని వెలివేయ పనిలేదు.

మైపాడు వంటి సముద్రతీర గ్రామములకు ఈ జ్వరము చేరలేదు. చచ్చిన ప్రతి కోతిని చూచి బెదరనక్కరలేదు. అయినను 2012 తరువాత ఇది తమిళనాడు, కేరళ, గోవా, మహారాష్ట్రములందును కనబడినది. కూలిపనికో, యాత్రకో ఆ అడవుల వైపు పోవు సోదరులు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. ఒళ్లంతయు కప్పు బట్టలు ధరింపవలెను. అడవి నుండి రాగానే స్నానము చేసి, విడిచిన బట్టలు వేడినీట ఉతుకవలెను. చచ్చిన కోతిని ముట్టక అటవీశాఖవారికి గాని, ఆరోగ్య కేంద్రమునకు గాని తెలుపవలెను.

ఊరు చేరిన పిమ్మట జ్వరము వచ్చినచో, ఏ అడవికి ఎన్నడు పోయితిరో డాక్టరుతో మొదటనే చెప్పుడు. ఆ ఒక్క మాట మీ ప్రాణమును కాపాడవచ్చును.