చిరునామా దొరకని డబ్బు

పిల్లలూ, బదిలీ అయ్యాక పాత క్వార్టర్‌కు ఉత్తరం వస్తే ఏమవుతుంది? నాకొచ్చినదొకటి మూడు ఊళ్లు తిరిగి చేరింది. సినిమా కథ రాసినవారి రాయల్టీకీ, అంటే రచనకు దక్కే వాటాకూ, ఇదే చిక్కు.

ఇళ్లలో నకళ్లు తీసుకుంటారు గనుక జర్మనీ 1965 చట్టంతో రికార్డింగ్ యంత్రాలపై రుసుము పెట్టింది. ఇలాంటి సొమ్ములో అమెరికా రచయితల వంతు వారి సంఘానికి చేరుతుంది. రచయిత ఇల్లు మారినా, పోయాక వారసులెవరో తెలియకపోయినా అక్కడే ఆగిపోతుంది. 2005లో విలియం రిచర్ట్ అనే రచయిత ఆ సొమ్ము గురించి సంఘంపైనే దావా వేశాడు.

మన దేశంలో 2012 చట్ట సవరణ ప్రకారం, థియేటరు ప్రదర్శన కాక మిగతా వాడకాలపై రాయల్టీ హక్కును రచయిత నిర్మాతకు వదులుకోవడానికి వీల్లేదు. కథపై హక్కు రచయిత పోయాక 60 ఏళ్లు ఉంటుంది. అన్నేళ్లలో ఎన్ని ఇళ్లు మారతాయో మీకు నేను చెప్పాలా!