కంపెనీల ఉద్గారాల లెక్కలు – పొలం హద్దులు: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల పరిశీలన

పర్యావరణంపై తమ భారాన్ని తగ్గించుకుంటున్నామని ప్రకటించే పెద్ద కంపెనీలు నేడు ఆ తగ్గుదలను అంకెలలో చూపవలసి ఉంది. సెబీ నిబంధనల ప్రకారం 2022–23 నుండి మార్కెట్ విలువలో మొదటి 1000 స్థానాలలో గల నమోదిత కంపెనీలు వ్యాపార బాధ్యత, సుస్థిరతలపై నివేదిక సమర్పించడం తప్పనిసరి. అంతర్జాతీయ పద్ధతిలో ఉద్గారాలను మూడు తరగతులుగా విభజిస్తారు. సొంత కర్మాగారంలో వెలువడేవి స్కోప్ 1, కొనుగోలు చేసిన విద్యుత్తు ద్వారా కలిగేవి స్కోప్ 2, ముడిసరుకు సరఫరా మొదలు వినియోగం వరకు ఇతరుల వద్ద వెలువడేవి స్కోప్ 3. ఈ మూడింటికీ నంద్యాల జిల్లాతో సంబంధం ఉంది. కంపెనీ పట్టికలో తగ్గిన భారం పొలంలో మరొక రూపంలో తేలుతున్నదా అని పరిశీలించడం వ్యవసాయ విస్తరణ శాస్త్రజ్ఞుల బాధ్యత.

సిమెంటు కొలిమి – పంట వ్యర్థాలు

గడివేముల మండలం బిలకలగూడూరులో జేఎస్‌డబ్ల్యూ, కొలిమిగుండ్ల మండలంలో రాంకో సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. 100 కిలోల శుద్ధ కాల్షియం కార్బొనేట్ కాలినపుడు 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఇంధనం మార్చినా ఈ భాగం తగ్గదు. అందువలన క్లింకర్ వాటాను తగ్గించడమే ప్రధాన మార్గం. పోర్ట్‌లాండ్ స్లాగ్ సిమెంటులో 25 నుండి 70 శాతం వరకు ఉక్కు పరిశ్రమ స్లాగ్ కలపడానికి భారతీయ ప్రమాణాలు అనుమతిస్తున్నాయి.

బొగ్గుకు బదులు పంట వ్యర్థాలను కాల్చడం రెండవ మార్గం. పత్తి కట్టెను పొలం నుండి తొలగించడం గులాబీ రంగు పురుగు నివారణకు మేలు చేస్తుంది. అయితే కొలిమిలో నత్రజని గాలిలో కలుస్తుంది. పొటాష్ క్లింకర్‌లోనో, కొలిమి ధూళిలోనో చేరి పొలానికి తిరిగి రాదు. కట్టె అమ్మిన రైతుకు పోషక నష్టాన్ని కూడా లెక్కగట్టి చెప్పవలసి ఉంటుంది.

సౌర విద్యుత్తు – దూరపు ఉక్కు

ఆర్సెలార్‌మిట్టల్ సంస్థ 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 975 మెగావాట్ల సౌర, పవన విద్యుత్ పథకాన్ని ప్రకటించింది. గుజరాత్‌లోని హజీరా ఉక్కు కర్మాగారానికి ఈ విద్యుత్తును అందించడం, పాణ్యం మండలం పిన్నాపురంలోని గ్రీన్‌కో పంప్డ్ స్టోరేజి కేంద్రంతో దానిని అనుసంధానించడం దీని ఉద్దేశం. పగటి విద్యుత్తుతో నీటిని పై జలాశయానికి ఎత్తి, అవసరమైనపుడు క్రిందికి వదిలి మరల విద్యుత్తు తీస్తారు. నీరు గోరకల్లు జలాశయం నుండి తీసుకొన్నదే. అదే నీరు పదేపదే తిరుగుతున్నప్పటికీ ఆవిరి నష్టాన్ని పూరించక తప్పదు. ఉద్గారాల తగ్గుదల హజీరా ఖాతాలో, భూమి, నీటి ఖర్చు నంద్యాల ఖాతాలో పడతాయి. ఆయకట్టు నీటి లెక్కలో ఈ పద్దు కూడా ఉండాలి.

ఆళ్లగడ్డ వరి – మీథేన్

బియ్యం కొనే కంపెనీలకు వరి పొలంలోని మీథేన్ స్కోప్ 3 ఉద్గారం. నూరేళ్ల కాలంలో దీని తాపన శక్తి కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 27 రెట్లు అధికం. ఐపీసీసీ 2019 గుణకాల ప్రకారం, ఎల్లప్పుడూ నీరు నిలిచిన పొలంతో పోల్చితే, పలుమార్లు ఆరగట్టిన పొలంలో మీథేన్ 45 శాతం తగ్గుతుంది. చిల్లుల గొట్టంలో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు చేరినపుడు తిరిగి తడి ఇవ్వడం సురక్షిత పద్ధతి.

ఈ సిఫార్సుకు ఆళ్లగడ్డ ప్రాంతపు నల్లరేగడిలో మూడు పరిమితులున్నాయి. మొదటిది, నేల అతిగా ఆరితే నెర్రెలు విచ్చి తరువాతి తడిలో నీరు అడుగుకు జారిపోతుంది. రెండవది, తడి, ఆరుదల మారుతున్నపుడు నైట్రస్ ఆక్సైడ్ పెరగవచ్చు. దాని తాపన శక్తి 273 రెట్లు. కనుక యూరియాను దఫాలుగా, తడి సమయాన్ని బట్టి వేయాలి. మూడవది అతి ముఖ్యమైనది. కాలువ చివరి ఆయకట్టులో నీరు అందక పొలం ముందే ఆరుతూ ఉంటే, అక్కడ కొత్తగా తగ్గిన మీథేన్ స్వల్పం. దానిని పూర్తి తగ్గుదలగా చూపి కార్బన్ క్రెడిట్ తీసుకొంటే లెక్క తప్పుతుంది. రైతు కొరత కంపెనీ ఘనతగా మారుతుంది.

తీవ్రత – మొత్తం భారం

2023లో భారత ప్రభుత్వం ప్రకటించిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం ఉత్పత్తి యూనిట్‌కు వెలువడే ఉద్గారాల తీవ్రతపై ఆధారపడింది. తీవ్రత 20 శాతం తగ్గి, ఉత్పత్తి 30 శాతం పెరిగితే మొత్తం ఉద్గారాలు 4 శాతం పెరుగుతాయి. తీవ్రత తగ్గడం వేరు, భారం తగ్గడం వేరు.

ముగింపు

కంపెనీ పథకాన్ని రైతుకు సిఫార్సు చేసే ముందు మూడు ప్రశ్నలకు సమాధానం రాబట్టాలి. పథకానికి ముందు పొలం స్థితి ఏమిటి? పొలం నుండి నీరు, పోషకాలు, సేంద్రియ పదార్థం ఎంత బయటకు పోతున్నాయి? లాభంలో రైతు వాటా ఒప్పందంలో ఉన్నదా? విద్యార్థులు తమ క్షేత్ర ప్రయోగాలలో మీథేన్‌తోపాటు నైట్రస్ ఆక్సైడ్, నీటి వినియోగం, దిగుబడి కూడా కలిపి కొలిచినపుడే కంపెనీ లెక్కకు, పొలం లెక్కకు పొంతన కుదురుతుంది.