బోరు మోటార్ల వెలికితీతలో గొలుసు స్లింగుల సురక్షిత వినియోగం, నిల్వ

పొట్ట దశలో ఉన్న వరికి గాని, ఊడలు దిగుతున్న వేరుశనగకు గాని నీటి తడి కొద్ది రోజులు ఆలస్యమైతే దిగుబడి ఏ మేరకు పడిపోతుందో మన విద్యార్థులు తడుముకోకుండా చెప్పగలరు. అదే దశలో బోరు మోటారు కాలిపోతే దానిని పైకి తీసే కూలీలు ఏ గొలుసును ఏ విధంగా కడుతున్నారన్న విషయం మాత్రం మన పాఠ్యాంశాలలో కానరాదు. పైరు ఎండుతున్నప్పుడు రైతుకు తొందర ఎక్కువ. ఆ తొందరలో చేతికందిన గొలుసే స్లింగుగా మారుతుంది.

కొన్ని సంవత్సరాల క్రితం ఒక పరిశోధనా క్షేత్రంలో నా ప్రయోగపు మడులకు నీరందించే బోరు మోటారును వెలికితీస్తుండగా, రెండు గొలుసు ముక్కలను కలిపిన బోల్టు తెగిపోయింది. పైపుల వరుస బావిలోకి జారిపోయింది. పైపును పట్టుకొని ఉన్న కూలీ వేళ్లు రెండు క్లాంపుకు, కేసింగుకు మధ్య నలిగిపోయాయి. అది ట్రాలీని లాగడానికి కొన్న గొలుసు. దానిని వాడవచ్చునని తలూపిన వారిలో నేనూ ఒకడిని. ఈ వ్యాసానికి మూలం ఆ సంఘటనే.

ఎత్తవలసిన బరువు ఎంత?

ముక్కాలి దగ్గర నిలబడిన వారిని అడిగితే సాధారణంగా మోటారు బరువే చెబుతారు. నిజానికి మొత్తం భారంలో మోటారు వాటా స్వల్పం. 100 మీటర్ల లోతున 2 అంగుళాల మధ్యరకం జి.ఐ. పైపుపై దించిన మోటారును ఉదాహరణగా తీసుకుందాం. పైపు మీటరుకు సుమారు 5 కిలోల చొప్పున 500 కిలోలు. పంపుపై ఉన్న వాల్వు సరిగా మూసుకున్నంతవరకు పైపులోని నీరు కిందికి దిగిపోదు. ఆ నీరు మీటరుకు 2.2 లీటర్ల చొప్పున మరో 220 కిలోలు. మోటారు, పంపు, కేబులు కలిపి 80 నుండి 100 కిలోలు అనుకుంటే మొత్తం 800 కిలోలు దాటుతుంది. నీటిలో మునిగిన భాగానికి కొంత తేలుడు బలం లభించినా, దానిని లెక్కలోకి తీసుకోకపోవడమే క్షేమం. హెచ్.డి.పి.ఇ. పైపు వాడినచోట పైపు బరువు బాగా తగ్గుతుంది కాని నీటి బరువు తగ్గదు.

పంపు ఒండ్రులోనో, రాళ్ల మధ్యనో ఇరుక్కున్నప్పుడు ఈ లెక్క చెల్లదు. అప్పుడు గొలుసు మోస్తున్నది బరువును కాదు, చెయిన్ పుల్లీ బ్లాకు పుట్టించే లాగుడు బలాన్ని. దానికి పైపరిమితి గొలుసు తెగడమో, ముక్కాలి ఒరగడమో తప్ప మరొకటి లేదు. ఇరుకు ఒక్కసారిగా వదిలినప్పుడు కలిగే కుదుపు మరింత ప్రమాదకరం.

గొలుసు తరగతి

చూడడానికి ఒకే మందంతో ఉన్న రెండు గొలుసుల బలం ఒకటి కాదు. ఎత్తుడు పనికి ఉద్దేశించిన మిశ్రమ ఉక్కు గొలుసులలో ప్రస్తుతం సర్వసాధారణమైనది గ్రేడ్ 80. అంటే తెగే సమయంలో చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల ఒత్తిడి. విద్యార్థులు ఈ లెక్కను స్వయంగా వేసి చూడాలి. 8 మి.మీ. గొలుసు లింకుకు రెండు వైపులా కలిపి అడ్డుకోత వైశాల్యం సుమారు 100 చదరపు మిల్లీమీటర్లు. తెగే బలం 80 కిలో న్యూటన్లు, అనగా ఇంచుమించు 8 టన్నులు. భద్రతా గుణకం 4తో భాగిస్తే సురక్షిత పనిభారం 2 టన్నులు. మామూలు గ్రేడ్ 30 గొలుసుకు ఇదే లెక్క కడితే 750 కిలోలు మాత్రమే వస్తుంది. పైన చెప్పిన 800 కిలోల బోరు భారానికి అది చాలదు. ఏ ముద్రా లేని బజారు గొలుసు విషయంలో ఆ 750 కిలోలకు కూడా హామీ లేదు.

కనుక గొలుసుపై 8 లేక 80 అన్న ముద్ర, స్లింగుకు వేలాడే బిళ్ళపై పనిభారం, కాళ్ల సంఖ్య స్పష్టంగా కనిపించాలి. బిళ్ళ ఊడిపోయిన స్లింగును, ఎంత కొత్తదిగా కనిపించినా, పక్కన పెట్టవలసిందే.

కోణం చేసే మోసం

క్లాంపు రెండు చెవులకు రెండు కాళ్ల స్లింగును తగిలించి ఎత్తేటప్పుడు భారం చెరిసగం పడుతుందన్న భావన చాలామందిలో ఉంది. కాళ్లు నిట్టనిలువుగా ఉంటేనే అది నిజం. 1000 కిలోల భారానికి ప్రతి కాలిపై పడే బలం, నిలువు రేఖ నుండి 30 డిగ్రీల వంపులో 577 కిలోలు, 45 డిగ్రీలలో 707 కిలోలు, 60 డిగ్రీలలో పూర్తిగా 1000 కిలోలు. 75 డిగ్రీలకు చేరితే 1900 కిలోలు మించుతుంది. 60 డిగ్రీలు దాటనీయరాదన్న నియమానికి కారణమిదే.

పొలంలో కోణమాపకం ఉండదు కనుక నేను విద్యార్థులకు చెప్పే కొలత ఒకటుంది. రెండు కొక్కేల మధ్య దూరం స్లింగు కాలి పొడవుతో సమానమైతే కాలి వంపు 30 డిగ్రీలు. దూరం కాలి పొడవుకు 1.4 రెట్లయితే 45, 1.7 రెట్లయితే 60 డిగ్రీలు. ఒక తాడు ముక్కతో దీనిని నిమిషంలో సరిచూసుకోవచ్చు. ముక్కాలి ఎత్తు చాలడం లేదని స్లింగును పొట్టిగా కట్టే అలవాటు ఈ కారణంగానే ప్రమాదకరం.

గొలుసును ముడివేయడం, మెలితిప్పడం, బోల్టుతో అతకడం, కొక్కెం కొనపై భారం వేయడం నిషిద్ధం. ఉరివేసినట్లు బిగించి ఎత్తినప్పుడు పనిభారాన్ని 20 శాతం తగ్గించి లెక్కించాలి. రోటవేటరు వంటి పదునైన అంచులున్న పనిముట్లను ఎత్తేటప్పుడు అంచుకు, గొలుసుకు మధ్య చెక్కనో, మందపాటి రబ్బరునో ఉంచాలి. భారాన్ని మొదట కొద్ది అంగుళాలు మాత్రమే లేపి, ఆగి, అన్ని లింకులనూ చూసిన పిదపే కొనసాగించాలి. పట్టు మార్చే ప్రతిసారీ కేసింగు నోటిపై రెండో క్లాంపు బిగించి ఉండాలి. ఇది గొలుసుకు సంబంధించినది కాకపోయినా చెప్పక తప్పదు: ముక్కాలి నాటే ముందు తల పైకెత్తి కరెంటు తీగలను చూడాలి. 20 అడుగుల ఇనుప పైపు నిలువుగా పైకి వచ్చే చోటు అది.

పరీక్ష

లింకులు ఒకదానితో ఒకటి ఒరుసుకొనే లోపలి వంపులోనే అరుగుదల మొదలవుతుంది. గొలుసును వేలాడదీసి చూస్తే అది కనిపించదు; లింకులను వదులు చేసి వెర్నియర్ కాలిపర్‌తో పరస్పర లంబంగా రెండు కొలతలు తీసుకొని సగటు కట్టాలి. సగటు 10 శాతం తగ్గితే, అనగా 8 మి.మీ. గొలుసు 7.2 మి.మీ.కు చేరితే, అది పనికిరాదు. సాగుడును కూడా కొలవాలి. ఈ గొలుసులో లింకు లోపలి పొడవు 24 మి.మీ. కనుక పది లింకులు బిగువుగా 240 మి.మీ. ఉండాలి. 252కు చేరితే అది ఎప్పుడో మోయరాని భారం మోసిందని అర్థం. పగుళ్లు, వంగిన లింకులు, నోరు తెరిచిన కొక్కెం, విరిగిన నాలుక కనిపిస్తే కొలతల అవసరమే లేదు. తెగిన లింకును వెల్డింగు చేయించడం మన గ్రామాలలో సర్వసాధారణం. ఆ వేడికి ఉక్కు పొందిన ఉష్ణ సంస్కారం చెడిపోతుంది. మరమ్మతును తయారీదారు అనుమతించిన భాగాలతోనే చేయించాలి.

నిల్వ

మన క్షేత్రాలలో గొలుసుల నివాసం చాలావరకు ఎరువుల గదే. ఈ విషయంలో సస్యశాస్త్రవేత్తగా నాకు కొంత అధికారంగా మాట్లాడే అవకాశముంది. 30 డిగ్రీల వద్ద గాలిలో తేమ సుమారు 73 శాతం దాటితే యూరియా తేమను పీల్చి చెమ్మగిల్లుతుంది. వానాకాలంలో మన గోదాములలో ఈ పరిస్థితి తరచుగా ఏర్పడుతుంది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లోని క్లోరైడు తుప్పును వేగవంతం చేస్తుంది. బ్యాటరీలు ఛార్జి చేసే మూల కూడా ఇంతే చేటు.

తుప్పు కన్నా దానిని వదిలించే పద్ధతి మరీ ప్రమాదకరం. గొలుసును ఆమ్లంలో ముంచితే క్షణాలలో మెరుస్తుంది. అయితే ఆ చర్యలో వెలువడే హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి దానిని పెళుసుగా మారుస్తుంది. మంచి గ్రేడ్ 80 గొలుసు తెగే ముందు బాగా సాగి హెచ్చరిస్తుంది. పెళుసెక్కినది ఏ హెచ్చరికా లేకుండా పుటుక్కున తెగుతుంది. కనుక కిరోసిన్‌తోను, బ్రష్షుతోను మాత్రమే శుభ్రం చేసి, ఆరబెట్టి, పల్చగా నూనె పట్టించి, నేలకు తగలకుండా పొడి గదిలో కొయ్యలకు వేలాడదీయాలి. రంగు వేయరాదు, అది పగుళ్లను కప్పివేస్తుంది.

2025లో రద్దయ్యే వరకు అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షను ఎత్తుడు గొలుసులను కనీసం 12 నెలలకొకసారి సమర్థుడైన వ్యక్తితో క్షుణ్ణంగా పరీక్షింపజేయాలని నిర్దేశించేది. రైతు పొలం, యంత్రాల అద్దె కేంద్రం సాధారణంగా ఆ పరిధిలోకి రాకపోయినా, ఆ గడువును మన క్షేత్రాలలో పాటించడానికి అడ్డేమీ లేదు. ప్రతి స్లింగుకు ఒక సంఖ్య, రిజిస్టరులో ఒక పుట, కొలిచిన మందం, తేదీ, కొలిచిన వారి సంతకం ఉంటే సరిపోతుంది. తిరస్కరించిన స్లింగును మాత్రం పాత ఇనుము కుప్పలో అలాగే వేయకుండా ముక్కలుగా కోయించాలి. లేనిచో మరుసటి వేసవిలో మోటారు కాలిన రోజున ఎవరో ఒకరు దానిని వెతికి తెస్తారు.